మా అమ్మాయి రెండో బండి

21 నిండిన రోజు పొద్దున్నే, పాయసం గిన్నె చేతిలో పట్టుకుని, "అమ్మా, ఇక ఫుల్ లైసెన్స్‌కి వెళ్లొచ్చు" అంది మా అమ్మాయి. ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. రెండేళ్లుగా నడుపుతున్న కవాసాకీ నింజా 400 బైకు చాలడం లేదు, పెద్ద బండి కావాలి.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో, కొవెంట్రీలో. నేను ఫిజియోథెరపిస్టుని. బైకు మీంచి పడ్డవాళ్ల భుజాలూ మణికట్లూ మోకాళ్లూ మళ్లీ కదిలేలా చేయడం నా ఉద్యోగంలో భాగం. అందుకే ఇంట్లో బండి మాట వస్తే చాలు, విరిగిన కాలర్ బోన్ల ఎక్స్‌రేలు కళ్ల ముందు తిరుగుతాయి.

తను మొదటిసారి అడిగినప్పుడు వద్దన్నాను. కారణం చెప్పలేదు, చర్చ లేదు, వద్దంటే వద్దు. తెనాలిలో మా ఇంట్లో అలాగే ఉండేది. అన్నయ్యకి యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్నారు. నేను దాని వెనక పక్కకి తిరిగి కూర్చుని ట్యూషన్‌కి వెళ్లేదాన్ని. ఒక్కసారి నడుపుతానంటే నాన్న, "ఆడపిల్లవి, నీకెందుకమ్మా" అన్నారు. నేను మళ్లీ అడగలేదు. మా అమ్మాయి కూడా నాతో వాదించలేదు. నెల తర్వాత ఉతకడానికి జాకెట్ తీస్తే జేబులో ఇయర్ ప్లగ్గులు దొరికాయి, బైకు మీద గాలి హోరుకి చెవుల్లో పెట్టుకునేవి. కూర్చోబెట్టి అడిగితే చెప్పింది: స్నేహితురాలి బండి వెనక ఎక్కి తిరుగుతోందట, ఎవరిదో హెల్మెట్ పెట్టుకుని. ఆ హెల్మెట్ తెప్పించి తన తలకి పెట్టి చూశాను. గడ్డం కింద పట్టీ బిగించాక కూడా చేత్తో పట్టుకుని తిప్పితే గుండ్రంగా తిరిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా "వద్దు" వల్ల తను బండి మానలేదు, నాకు చెప్పడం మానింది. తెల్లారి లేచి, "నేర్చుకుంటే సరిగ్గా నేర్చుకో, నాకు అన్నీ చెప్పి నేర్చుకో" అన్నాను.

బ్రిటన్‌లో బండి లైసెన్స్ మెట్లు మెట్లుగా ఉంటుంది. 19 ఏళ్లకి ఏ2 లైసెన్స్ వస్తుంది. దాంతో 35 కిలోవాట్లు, అంటే 47 హార్స్‌పవర్ దాటని బండే నడపాలి. రెండేళ్లు అలా నడిపితే 21కి మళ్లీ రెండు ప్రాక్టికల్ పరీక్షలు రాసి... కాదు, బండి నడిపి చూపించి, ఏ బండైనా నడపొచ్చు. నేరుగా పెద్ద బండికే వెళ్లాలంటే 24 దాకా ఆగాలి. పరీక్షలో ఒక భాగం నాకు చాలా నచ్చింది. ఇంజన్ ఆపి బండిని ఒక గడిలోంచి ఇంకో గడిలోకి తోసుకుంటూ తీసుకెళ్లాలి. తన బరువుకి మూడింతలున్న వస్తువుని తను అదుపు చేయగలదా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

రెండు పరీక్షలూ పాసయింది. ఇక ఏ బండి అన్న ప్రశ్న. అప్రెంటిస్‌గా పనిచేస్తోంది, డబ్బు తనదే. అయినా లిస్టు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. అది నాకు చిన్న విషయం కాదు.

మా అన్నయ్య కొడుకు ఫోన్‌లో హైదరాబాద్ నుంచి సలహా ఇచ్చాడు: యమహా ఆర్6 కొనమని. ఆ బండి కాలం వేరు. 600 సీసీలో నాలుగు సిలిండర్లు పెట్టి, ఇంజన్ నిమిషానికి పద్నాలుగు వేల చుట్లు (ఆర్‌పీఎం) దాటాక అసలు బలం చూపించే రేసు బండ్లవి. పొగ నిబంధనలు యూరో 5కి మారాక, 2020తో యూరప్‌లో రోడ్డు మీద నడిపే ఆర్6ని యమహా ఆపేసింది. ఇప్పుడు మిడిల్‌వెయిట్ స్పోర్ట్, అంటే మధ్య సైజు స్పోర్ట్స్ బైకులంటే ఎక్కువగా రెండు, మూడు సిలిండర్ల బండ్లే. కింది ఆర్‌పీఎంలోనే లాగుతాయి, రోజూ పనికి వెళ్లే మనిషికి అవే నయం. మా లిస్టులో మిగిలినవి మూడు: యమహా ఆర్7, ట్రయంఫ్ డేటోనా 660, సుజుకీ జీఎస్ఎక్స్-8ఆర్. ఏప్రిలియా ఆర్ఎస్ 660 మీద తనకి మనసు ఉంది, 100 హార్స్‌పవర్, 183 కిలోలే. ధర, ఇన్సూరెన్స్ కోట్ చూసి తనే కొట్టేసింది.

శనివారం షోరూములకి నేనూ వెళ్లాను. ముందు ఆర్7. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను, సన్నగా, ముందుకి ఉరకబోతున్నట్టు. 73 హార్స్‌పవర్, 188 కిలోలు. మా అమ్మాయి ఎక్కి హ్యాండిల్ పట్టుకుంది. సీటు ఎత్తు 835 మిల్లీమీటర్లు, తన ఎత్తు 158 సెంటీమీటర్లు, రెండు వైపులా మునివేళ్లే ఆనాయి. నేను దగ్గరికి వెళ్లి తన మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టాను. హ్యాండిల్ బాగా కిందికి ఉండడంతో ఒళ్లంతా ముందుకి వాలి, ఆ బరువు అరచేతి మడమ మీదికి దిగుతోంది. చెయ్యి వెనక్కి వంగి ఉంది, నరం పోయే చోటే నొక్కుకుపోతోంది. "మోకాళ్లతో ట్యాంకుని గట్టిగా పట్టుకో, పొట్ట బిగించు, చేతులు వదులు చెయ్" అన్నాను. చేసింది. బరువు కొంచెం తగ్గింది. "ఇలా ఎంతసేపు ఉండగలవు?" అంటే నవ్వేసి, "సిగ్నల్ దగ్గర అయిదు నిమిషాలు" అంది. తను వెళ్లే దారి నిండా సిగ్నల్సే.

పైగా అది 2021 నాటి సెకండ్ హ్యాండ్ బండి. బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది గానీ, యాక్సిలరేటర్ తిప్పితే వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లేదు. నవంబర్‌లో తడిసిన ఆకులు పరుచుకునే మా రోడ్ల మీద అది నాకు పెద్ద విషయమే. నేర్పుగా నడిపేవాడికి అక్కర్లేదని అమ్మే అబ్బాయి అన్నాడు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నేర్పుగా నడిపేవాళ్లూ ఉంటారు.

తర్వాత డేటోనా. ఇక్కడ నా మనసు జారిందని ఒప్పుకోవాలి. ట్రయంఫ్ మా ఊరి బండి. 1902లో మొదటి మోటార్ సైకిల్ కొవెంట్రీలోనే తయారైంది. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ బాంబులకి ఊరితో పాటు ఫ్యాక్టరీ కూడా పోయింది, తర్వాత మెరిడెన్‌కి మారింది, ఇప్పుడు కంపెనీ పక్కనే హింక్లీలో ఉంది. 23 ఏళ్ల కిందట నేను ఈ ఊళ్లో దిగినప్పుడు ఎవరూ తెలియదు. తను పుట్టాక, ఆదివారాలు చంకలో పిల్లని వేసుకుని ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంకి వెళ్లి, వెచ్చగా ఉంటుందని ఆ పాత బండ్ల మధ్యే తిరిగేదాన్ని. ఆ పిల్లే ఇప్పుడు అదే పేరున్న బండి మీద కూర్చుంటే గొంతు పట్టేసింది. మూడు సిలిండర్లు, 95 హార్స్‌పవర్, 201 కిలోలు, సీటు 810. హ్యాండిల్ ఎత్తుగా ఉంది, మణికట్టు తిన్నగా ఉంది. "ఇదే తీసుకో, మన ఊరిది" అన్నాను.

తను నా వైపు చూసి, "అమ్మా, ఊరి పేరు చూసి బండి కొంటామా?" అంది. నెమ్మదిగానే అంది. ఊరు నా ఊరని చెప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. తనకి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు, పుట్టడమే ఇక్కడ పుట్టింది. ఆ తేడా అంత స్పష్టంగా అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు నాకు. కొంచెం బాధ వేసింది, చాలా సంతోషం వేసింది.

జీఎస్ఎక్స్-8ఆర్‌ని టెస్ట్ రైడ్‌కి తీసుకెళ్లి ముప్పావు గంటకి వచ్చింది. ఆ ముప్పావు గంటా నేను షోరూం బయటే నిలబడ్డాను. 776 సీసీ, రెండు సిలిండర్లు. హార్స్‌పవర్ 83 లోపే, డేటోనా కన్నా తక్కువ. టార్క్, అంటే లాగే బలం మాత్రం ఎక్కువ, 78 న్యూటన్ మీటర్లు, అదీ కింది ఆర్‌పీఎంలోనే దొరుకుతుంది. క్లచ్ పట్టకుండా గేరు మార్చే క్విక్‌షిఫ్టర్, ట్రాక్షన్ కంట్రోల్ బండితోనే వస్తాయి. "గేరు మార్చకుండానే ట్రాఫిక్‌లో లాగేస్తోందమ్మా, ఎడమ చెయ్యి అసలు నొప్పి లేదు" అంది దిగగానే. మూడింటిలో అదే బరువైనది, 205 కిలోలు. నింజా కన్నా 37 కిలోలు ఎక్కువ. అందుకని షోరూం వాళ్లని అడిగి, ఇంజన్ ఆపించి, ఆ చివరి నుంచి ఈ చివరికి తోయించాను. రెండుసార్లు తోసింది, మూడోసారి నేను అడక్కుండానే.

అదే కొన్నాం. నేను పెట్టిన షరతులు మూడే. జడ మీదికి సరిగ్గా కూర్చునే కొత్త హెల్మెట్, హెల్మెట్లకి ప్రభుత్వం ఇచ్చే షార్ప్ భద్రతా రేటింగ్ చూసి, షాపులో పెట్టి చూసుకుని కొన్నది. జాకెట్, ప్యాంటు, పడితే కాపాడే గ్రేడుల్లో కనీసం డబుల్ ఏవి. పోలీసు రైడర్లు వెనకే బండి మీద వచ్చి తప్పులు చెప్పే బైక్‌సేఫ్ శిక్షణకి ఒక రోజు. పొట్ట కండరాలకి వ్యాయామాలు కూడా రాసిచ్చాను, రాత్రిపూట ఇద్దరం కలిసి చేస్తున్నాం. క్లచ్చి, చెయిను, స్ప్రాకెట్ అంటూ తనతో తెలుగులో ఇంతసేపు మాట్లాడుకోవడం, తను పన్నెండేళ్లప్పటి తర్వాత మళ్లీ ఇప్పుడే.

టివిడేల్ బాలాజీ గుడిలో పూజ చేయించాం. ట్యాంకు మీద కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. అక్కడి నుంచే మా అమ్మకి వీడియో కాల్ చేశాను. ఆమె ఇంతవరకు ఈ బండి సంగతి ఎత్తితే మాట మార్చేది. ఈసారి ఫోన్ దగ్గరగా పెట్టుకుని బండిని కింది నుంచి పైదాకా చూసి అడిగింది:

"ఇంతకీ నీ కాళ్లు నేలకి ఆనుతున్నాయటే?"

మా అమ్మాయి ఎక్కి కూర్చుని, ఫోన్‌ని నా చేతికిచ్చి కిందికి చూపించమంది. "సగం పాదం ఆనుతోంది అమ్మమ్మా, చూడు."