మందు మాన్పించే వైద్యం ఓపీలోనూ ఉంది

మా చిన్నమామయ్యకు తాగుడు ముదిరినప్పుడు బంధువులందరూ ఒకే మాట అన్నారు: ఏదైనా డీ-అడిక్షన్ సెంటర్లో మూడు నెలలు పడేయమని. ఒక ప్రైవేటు కేంద్రానికి ఫోన్ చేస్తే, మనిషిని చూడకుండానే ఎంత అడ్వాన్సు కట్టాలో చెప్పి, అవసరమైతే తామే బండి పంపి పట్టుకొస్తామన్నారు. ఆయన ఒప్పుకున్నారా అని మాత్రం అడగలేదు. రోగులను ఉంచుకుని వైద్యం చేసే ఇలాంటి కేంద్రాలకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుక, డబ్బు కట్టే ముందు ఆ పత్రం చూపించమనడం మన హక్కు.

చివరకు ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీ రాయించాము. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలల పేర్లు అందరికీ తెలిసినవే కానీ, బోధనాసుపత్రుల్లోనూ ఈ విభాగం ఉంటుంది. దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు గానీ, తెలుగులో మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయవచ్చు.

డాక్టరుగారు నీతిబోధ చేయలేదు. రోజుకు ఎంత తాగుతారు, పొద్దున్నే చేతులు వణుకుతాయా, మానేసినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, లేనివి కనిపించాయా అని వరుసగా అడిగారు. ఓపీలో చూడాలా, వార్డులో చేర్చుకోవాలా అన్నది ఆ జవాబుల మీదే ఆధారపడుతుంది. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతి చలించి ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే గతంలో అలా జరిగినవాళ్లను ఇంట్లో ఉంచి మాన్పించకూడదు. మామయ్యకు ఆ చరిత్ర లేదు కాబట్టి, మోతాదు క్రమంగా తగ్గిస్తూ వేసుకునే మాత్రలూ బీ1 విటమినూ రాసి, మాత్రలు అత్తయ్య చేతిలోనే ఉండాలని చెప్పి పంపారు.

భర్తకు తెలియకుండా అన్నంలో కలిపే మందు ఉందటగా అని అత్తయ్య అక్కడే అడిగేసింది. ఆమె అడిగిన మందు డైసల్ఫిరామ్. అది వేసుకున్న మనిషి మద్యం ముట్టుకుంటే వాంతులు, గుండెదడ మొదలై రక్తపోటు పడిపోవచ్చు కనుక, ఆయనకు చెప్పకుండా పెట్టడం వైద్యం కాదు, ప్రమాదం.

గంజాయి అలవాటైన పిల్లల తల్లిదండ్రులు కేసు భయంతో ఆసుపత్రి గడప తొక్కరు. చిన్న పరిమాణానికి సంబంధించిన కేసుల్లో వ్యసనపరులు స్వచ్ఛందంగా వైద్యానికి ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోనే ఉంది. గంజాయికి ప్రత్యేకమైన మందంటూ లేదు, కౌన్సెలింగే ప్రధానం. హెరాయిన్ వంటి వాటికి మాత్రం బుప్రెనార్ఫిన్ అనే మందు ఇస్తారు.

ఓపీ వైద్యంలో అసలు కష్టం మాత్రలు అయిపోయాకే మొదలవుతుంది. తేరుకున్నాను, ఇక డాక్టరెందుకు అనేది మామయ్య వాదన. చీటీ మీద రాసిన తేదీకి ఆయన్ను ఆటో ఎక్కించడం ఇప్పటికీ అత్తయ్య పనే.