సోడియం, పొటాషియం నీళ్లలో పడితే: వేడి కన్నా వేగం ముఖ్యం

క్షార లోహాల వరుసలో (లిథియం, సోడియం, పొటాషియం...) కిందికి దిగేకొద్దీ నీటితో చర్య తీవ్రమవుతుందని పాఠ్యపుస్తకాల్లో చదువుతాం. అది నిజమే. అయితే కింది లోహాలే ఎక్కువ వేడి ఇస్తాయి కాబోలు అని చాలామంది అనుకుంటారు. లెక్క చూస్తే కథ వేరు. ఒక మోల్ (ఏ లోహానికైనా అన్నే పరమాణువులుండే మొత్తం) లిథియం నీటితో చర్య జరిపితే దాదాపు 222 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. సోడియంతో 184, పొటాషియంతో 196. అయినా లిథియం నీటి మీద తేలుతూ, హైడ్రోజన్ బుడగలు వదులుతూ నింపాదిగా కరిగిపోతుంది.

తేడా అంతా వేగంలో ఉంది. లిథియం పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. పైగా ఆ లోహం ద్రవమయ్యేది 180.5 డిగ్రీల దగ్గర. అంత వేడెక్కేలోపే చుట్టూ ఉన్న నీరు వేడిని లాగేసుకుంటుంది. సోడియంకి 98 డిగ్రీలు, పొటాషియంకి 63.5 డిగ్రీలు చాలు. లోహం ద్రవమై గుండ్రటి బొట్టుగా మారగానే పైనున్న పొర చెదిరి, కొత్త లోహం నీటికి తగులుతూనే ఉంటుంది. పొటాషియం అయితే హైడ్రోజన్ అంటుకునేంతగా క్షణాల్లో వేడెక్కి, లేత ఊదారంగు మంటతో పరుగులు తీస్తుంది. సోడియం స్వేచ్ఛగా తిరుగుతున్నంతసేపూ సాధారణంగా మంట రాదు. నీటిపై తేలే వడపోత కాగితం మీద పెడితే కదలక, వేడి ఒకచోటే పోగై, పసుపు మంట లేస్తుంది.

ఈ లోహాలు నీళ్లలో పేలడానికి హైడ్రోజన్ మండటమే కారణమని చెప్పేస్తుంటారు. అది సరిపోదు. పుట్టిన వాయువు, ఆవిరి కలిసి లోహానికీ నీటికీ మధ్య పొరలా నిలిస్తే చర్య నెమ్మదించాలి కదా! 2015లో చెక్ రసాయన శాస్త్రవేత్త పావెల్ యుంగ్‌విర్త్ బృందం సోడియం-పొటాషియం మిశ్రమ లోహపు చుక్కను నీళ్లలో వేసి హైస్పీడ్ కెమెరాతో చిత్రీకరించింది. మిల్లీసెకనులోపే చుక్క నుంచి ముళ్లలా లోహం బయటికి చిమ్మింది. ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా నీటిలోకి వెళ్లిపోతే మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అలా ఎప్పటికప్పుడు కొత్త ఉపరితలం తెరుచుకుంటుంది.

ప్రదర్శన చేసేవాళ్లకి ముక్క సైజే ప్రాణం. 4 మిల్లీమీటర్ల ఘనం మించొద్దు. సోడియం అయితే అది సుమారు 0.06 గ్రాములు, దాన్నుంచి 30 మిల్లీలీటర్లకి పైగా హైడ్రోజన్ వస్తుంది. పొటాషియం ముక్క ఇంకా చిన్నదిగా ఉండాలి. పొడి కత్తితో కోసి, పట్టకారుతో పట్టుకుని, నూనెను వడపోత కాగితంతో అద్ది తీసేయాలి. వెడల్పాటి గాజు తొట్టిలో సగం వరకు నీళ్లు, కొన్ని చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే రంగు మారే సూచిక; ముక్క వెళ్లిన దారంతా గులాబీ రంగు గీత పడుతుంది), ఒక చుక్క డిటర్జెంట్. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. అది లేకపోతే ముక్క గాజు గోడకి అతుక్కుపోతుంది. అక్కడే వేడి పోగై ఠప్పున చిమ్ముతుంది, గాజు పగలొచ్చు. కళ్లద్దాలు, రక్షణ తెర తప్పనిసరి. చూసేవాళ్లు కనీసం 2 మీటర్ల దూరంలో ఉండాలి.

అసలు ప్రమాదం చివర్లో వస్తుంది. మంట ఆరిపోయాక పారదర్శకమైన చిన్న పూస ఒకటి నీటిపై మిగులుతుంది. అది బాగా వేడిగా ఉన్న, ద్రవరూప హైడ్రాక్సైడ్, అంటే చర్యలో పుట్టిన క్షారం. కాస్త చల్లబడి నీటికి తగలగానే చిటపటమని చిట్లి, క్షారాన్ని చుట్టూ చిమ్ముతుంది. అయిపోయిందనుకుని తొట్టి మీదికి వంగితే కళ్లలో పడేది అదే.

నిల్వ సంగతి: సోడియం, పొటాషియం ఖనిజ నూనెలో మునిగి ఉండాలి. లిథియం నూనె మీద తేలుతుంది కాబట్టి దాన్ని ఆర్గాన్‌లో ఉంచడం మంచిది. నైట్రోజన్ పనికిరాదు, దానితోనూ చర్య జరుపుతుంది. పాతబడిన పొటాషియంపై పసుపు పొర కనిపిస్తే కోయొద్దు, గీకొద్దు. ఆ పొరలోని సూపర్ఆక్సైడ్ (పొటాషియం, ఆక్సిజన్ కలిసి ఏర్పడేది) కత్తి ఒత్తిడికి లోహంతోనో నూనెతోనో కలిసి పేలగలదు. మిగిలిన సోడియం ముక్కల్ని సింకులో పడేయకుండా, మంటలకి దూరంగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక్కొక్కటిగా వేసి, బుడగలు పూర్తిగా ఆగేదాకా వదిలేయండి. సోడియం అంటుకుంటే నీళ్లూ, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ వాడొద్దు. బాగా ఎండిన ఇసుక పోయాలి. లిథియం మంటకి మాత్రం ఇసుక కాదు, గ్రాఫైట్ పొడి.