వేళ్లకు పని దొరికింది

ముందు కాలి వేళ్లలో చీమలు పాకినట్టయింది. రెండు వారాల కిందట విరేచనాలు పట్టుకుని తగ్గాయి, ఆ నీరసమే అనుకున్నాం ఇంట్లో అందరం. తర్వాత మెట్టెక్కబోతే మోకాలు మడతపడింది. ఆ సాయంత్రం జడ వేసుకుందామంటే చేతులు భుజం దాటి లేవలేదు.

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరుగారు మోకాలిచిప్ప కింద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు ఉలకలేదు. నరాల పరీక్ష, వెన్నులోంచి నీరు తీసిన పరీక్ష అయ్యాక గులియన్-బారే సిండ్రోమ్ అని తేల్చారు. జీబీఎస్ అంటారు. ఒంట్లోకి వచ్చిన క్రిమిని తరమాల్సిన రక్షణ వ్యవస్థ, ఆ క్రిమి పోలికే నరాల మీద కూడా కనిపించి వాటినే దెబ్బతీస్తుంది. ఫ్రెంచి వైద్యులు 1916లోనే ఇద్దరు సైనికుల్లో ఈ జబ్బును గమనించి రాశారు. 2025 మొదట్లో పుణేలో కేసులు పెరిగినప్పుడు ఆ పేరు మన పేపర్లలోకి ఎక్కింది గానీ, నాకు వచ్చింది అంతకు ముందు. మా వీధిలో ఎవరూ విని ఉండలేదు.

ఐసీయూలో నర్సమ్మ మాటిమాటికీ వచ్చి, "అమ్మా, గట్టిగా ఊపిరి పీల్చి ఒక్క బిగిన అంకెలు చెప్పండి" అనేది. ఛాతీ కండరాలకు బలం తగ్గుతుందేమో చూడటానికి అది. అంకెలు తగ్గిపోతుంటే మా ఆయన మొహం చూడలేక గోడ వైపు తిరిగి లెక్కపెట్టేదాన్ని. వెంటిలేటర్ దాకా వెళ్లకుండానే ఆగింది. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల లెక్కన 5 రోజులు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు అది. లక్షల్లో ఖర్చు, నా గొలుసూ ఆయన బండీ వెళ్లిపోయాయి. ఇది చదివేవాళ్లకు ఒక్క మాట: తిమ్మిరి కాళ్ల నుంచి పైకి పాకుతూ బలం తగ్గుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి.

నరం పైపొర మాత్రమే దెబ్బతింటే వారాల్లో, నెలల్లో కోలుకుంటారు. నాకు లోపలి తీగ కూడా చెడిందట. అది మళ్లీ పెరగాలి, పెరిగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మా అబ్బాయి స్కేలు తెచ్చి నా మోకాలి నుంచి పాదం దాకా కొలిచి, "ఏడాది పైనే పడుతుందమ్మా" అన్నాడు. వాడు నొచ్చుకోకుండా చెప్పిన ఆ లెక్కే నాకు ధైర్యమిచ్చింది.

ఇంటికొచ్చాక స్పాంజి బంతి పిసకడం, రబ్బరు పట్టీ లాగడం. మంచివే, అవి లేకపోతే లేచేదాన్ని కాదు. కానీ బంతి పిసికినంతసేపూ నా కళ్లు నా చేతి మీదే ఉండేవి, జబ్బు మీదే ఉండేవి. చెప్పిన లెక్క పూర్తవగానే చెయ్యి వాలిపోయేది.

మాది శ్రీకాళహస్తి. పక్కింటి అక్క కలంకారీ పని చేస్తుంది, కలంతో గుడ్డ మీద బొమ్మలు వేయడం. ఆరిపోబోయిన ఈ పని 1957లో, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం వచ్చాక మా ఊళ్లో మళ్లీ నిలబడింది. ఊరికే కూర్చుని చూస్తానని వాళ్ల వరండాలోకి వెళ్తే, అక్క నా చేతిలో కలం పెట్టింది. వెదురుపుల్ల మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ముంచితే ఉన్ని రంగు తాగుతుంది, గీసేటప్పుడు వేళ్లతో దాన్ని మెల్లగా ఒత్తుతుంటే రంగు మొనకు దిగుతుంది. ఒత్తు ఎక్కువైతే మచ్చ, తక్కువైతే గీత తెగుతుంది. ఫిజియోథెరపిస్టు నెలలుగా నాకు నేర్పుతున్నది సరిగ్గా అదే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒత్తడం.

"అంత గట్టిగా పిండబాకమ్మా, అదే దిగుతుంది" అనేది అక్క.

నలుపు కోసం కసిమి వాడతారు, ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టింది. కరక్కాయ పొడి, గేదెపాలు పట్టించి ఎండబెట్టిన గుడ్డ మీద పెట్టగానే అది చూస్తుండగానే నల్లబడుతుంది. పాలలో కొవ్వు వల్ల పక్కకు పాకదు. చెరపడానికీ వీల్లేదు. నా మొదటి ఆకులన్నీ ఆ గుడ్డ మీద ఇప్పటికీ వణుకుతూనే ఉన్నాయి. అక్క వాటిని దిద్దలేదు, పక్కన ఒక ఆకు తను వేసి, చూసి వేసుకోమంది. ఆ ఆకు ఈనె కుదరాలన్న పట్టుదలలో వేళ్ల సంగతే మర్చిపోయేదాన్ని. బంతితో వాలిపోయే చెయ్యి కలంతో పొద్దు వాలేదాకా నిలిచేది.

స్వర్ణముఖిలో నీళ్లు పారుతున్నప్పుడు గుడ్డలు జాడించడానికి వెళ్లాం. అక్క భుజం పట్టుకుని నీళ్లలో నిలబడితే అరికాళ్ల కింద ఇసుక జారడం తెలిసింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు అవే కాళ్లకు వేణ్ణీళ్లకూ చన్నీళ్లకూ తేడా తెలియలేదు. అక్కడే నిలబడి గట్టిగా ఏడ్చేశాను.

కాలేజీ రోజుల్లో షటిల్ ఆడేదాన్ని. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ వేసుకుని, ముందు కుర్చీలో కూర్చుని సర్వీసులు చేశాను, తర్వాత నిలబడి చేతికందినవి కొట్టాను. వీధి పిల్లలు మొదట్లో మెల్లగా వేసేవాళ్లు. జాలితో వేసిన షటిల్ ఆటగాళ్లకు తెలిసిపోతుంది. ఒకరోజు ఎదురింటి పిల్ల నా ఒంటి మీదికే స్మాష్ కొట్టి, "సారీ పెద్దమ్మా" అనకుండా పాయింటు చెప్పుకుంది. ఎంత సంతోషమేసిందో!

రాత్రిళ్లు పాదాల్లో మంట. నిద్ర లేని ఆ చలికాలంలో మా ఆయన తెల్లవారుజామున నాయుడుపేట మీదుగా నేలపట్టు పక్షుల చెరువుకు తీసుకెళ్లాడు. చెరువులో, నీళ్లలోనే పెరిగే కడప చెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, కంకణాలు. బైనాక్యులర్ ఎత్తి పట్టుకోలేకపోతే ఆయన నా మోచేతుల కింద చేతులు పెట్టాడు. తల్లి సంచి నోట్లోకి తల మొత్తం దూర్చి తింటున్న గూడబాతు పిల్లను చూస్తూ ఉండిపోయాను. జబ్బు వచ్చాక నా కాళ్లు నాకు గుర్తురాని మొదటి పొద్దు అదే. అప్పటి నుంచి ఏటా వెళ్తున్నాం.

ఎడమ పాదం ఇంకా పూర్తిగా లేవదు. మిగిలిన లోపం ఇలాగే ఉండిపోవచ్చని డాక్టరుగారు చెప్పారు. పట్టీతోనే ఆడుతున్నాను, బడికీ వెళ్తున్నాను. ఇప్పుడు గుడ్డ మీద నేలపట్టు చెట్టు వేస్తున్నాను, కొమ్మకో గూడు. గూడబాతు మెడ అంత వంపు తిరగదని అక్క వాదిస్తోంది. ఆమె ఎప్పుడూ చూడలేదు. జనవరిలో పిల్లలు పెద్దవయ్యే వేళకు చెరువు దగ్గరికి తీసుకెళ్తానన్నాను, సంక్రాంతి సెలవుల్లో అయితే వస్తానంది.