వెనక బెంచీ ప్రశ్న

ఎంఎస్ చదవడానికి టెక్సాస్ వచ్చిన రెండో నెలలో క్యాంపస్‌లోనే పని దొరికింది, లైవ్ క్లాసులు రికార్డు చేసే విభాగంలో. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లం సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. రోజుకు రెండు మూడు క్లాసులు నా వంతు. ఉద్యోగాలు చేసుకుంటూ ఇదే డిగ్రీ ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు ఇంటి దగ్గర ఆ వీడియోలు చూస్తారు.

క్లాసుకు పావుగంట ముందే వెళ్లి మైకులో కొత్త బ్యాటరీలు వేస్తాను. కాలర్ మైకు గడ్డానికి జానెడు కిందికి ఉండాలి. మెడలో ఐడీ కార్డు ఉంటే తీసేయమని ప్రొఫెసర్‌ని అడుగుతాను. అది మైకుకు తగిలిందంటే క్లాసంతా టకటక తప్ప పాఠం వినపడదు. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా సర్దుకోవచ్చు, మాట వినపడని వీడియో మాత్రం దండగ.

ఆ దండగ పని నేనూ చేశాను. ఒక సాయంత్రం మైకు మ్యూట్‌లో ఉండిపోయింది, నేను చూసుకోలేదు. 75 నిమిషాలు, బోర్డు నిండా లెక్కలు, ఒక్క మాట లేదు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి వీడియో పెట్టుకున్న ఒకాయన మర్నాడు మెయిల్ రాశాడు. కోపం లేదు అందులో. "శని, ఆదివారాలు తప్ప నాకు వేరే టైం లేదు, అప్పటికి వస్తుందా?" అని అడిగాడు, అంతే. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ప్రొఫెసర్ గారు ఖాళీ గదిలో పాఠం మొత్తం మళ్లీ చెప్పారు. శబ్దం చక్కగా వచ్చింది. అయినా ఏదో వెలితి. అసలు క్లాసులో వెనక బెంచీ అమ్మాయి ఒకటి అడిగింది, దానికి ఆయన చెప్పిన జవాబుతోనే నాకు విషయం అర్థమైంది. రెండోసారి ఆ ప్రశ్న లేదు. మామూలు రోజుల్లో కూడా విద్యార్థుల ప్రశ్నలు కాలర్ మైకుకు అందవు. ఇంటి దగ్గర వినేవాళ్లకు జవాబు ఒక్కటే చేరుతుంది. అందుకే "ప్రశ్నను మళ్లీ చెప్పండి" అని పెద్దక్షరాలతో రాసి పోడియం మీద అంటించాను.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీటెక్‌లో ఎన్‌పీటెల్ (ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ వీడియోలు) పాఠాలు ఒక్కో వాక్యం ఆపి, వెనక్కి తిప్పి విన్నవాణ్ణి. క్లాసులో నాలుగుసార్లు అడగడానికి మొహమాటం, వీడియోకి విసుగు రాదు. అందుకే క్యాప్షన్లు, అంటే వీడియో కింద అక్షరాల్లో వచ్చే మాటలు, సరిదిద్దే పని ఎవరూ తీసుకోకపోతే నేను తీసుకుంటాను. లెక్కల పాఠంలో వచ్చే ఐగన్ వాల్యూ అన్న మాటను సాఫ్ట్‌వేర్ "ఐ గెయిన్ వాల్యూ" అని రాసేస్తుంది. చెవులు వినపడని విద్యార్థికి ఆ అక్షరాలే పాఠం. 2017లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ తన 20,000కు పైగా పాఠాలను అందరికీ కనపడకుండా తీసేసింది. వినలేనివాళ్లు, చూడలేనివాళ్లు వాడుకునేలా అవి లేవని అమెరికా ప్రభుత్వం అంతకుముందు ఏడాది తప్పుపట్టింది. అన్నేసి పాఠాలు పోయాయంటే బాధే, కానీ ఆ అభ్యంతరం న్యాయమైనదే.

మొన్న ప్రొఫెసర్ గారు జవాబు మొదలుపెట్టి సగంలో ఆగారు. పోడియం వైపు చూసి, ప్రశ్నను మొదటినుంచి నిదానంగా చెప్పారు. హెడ్‌ఫోన్‌లో ప్రతి మాటా వినపడింది.