27వ తేదీ సాయంత్రం

14 మార్చి 2026, శనివారం

రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. బట్టలు నానబెట్టి, నాన్నకి ఇడ్లీ పెట్టి, ఎనిమిదిన్నరకల్లా యూనివర్సిటీలోకి వెళ్ళిపోయాను. విశాఖ చినవాల్తేరులో మా ఇంటి నుంచి నడిస్తే పావుగంట. నెలకోసారి ఇలా వెళ్ళడం నాలుగేళ్ళుగా అలవాటు. డిపార్టుమెంట్ల వరండాల్లో నోటీసు బోర్డులుంటాయి కదా, రాబోయే రోజుల్లో ఎక్కడ ఏ ఉపన్యాసం ఉంది, ఏ సెమినార్ ఉంది, పాటా ఆటా నాటకం ఏమైనా ఉన్నాయా అని చూసుకుని చిన్న నోటుబుక్కులో రాసుకుంటాను. ఇంటికొచ్చాక మా వీధిలో వాళ్ళకి అర్థమయ్యేలా మామూలు మాటల్లో మార్చి వీధి వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఈ పని నాకెవరూ చెప్పలేదు, పెట్టకపోతే నాకే తోచదు.

ఇది నాన్న దగ్గర నుంచి వచ్చిందే. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రరీలో అటెండరుగా 36 ఏళ్ళు చేశారు. చదివింది ఎనిమిదో తరగతి. తను రోజూ అరల్లో సర్దే పుస్తకాల్లో చాలావాటి అట్ట మీద పేరు కూడా ఆయనకి పూర్తిగా తెలిసేది కాదు. కానీ సాయంత్రం ఎక్కడైనా సభ ఉందంటే డ్యూటీ దిగి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. చివరి వరసలో కూర్చునేవాళ్ళం. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, మధ్యలో నిద్ర కూడా పోయేదాన్ని.

ఒక్కటి మాత్రం గుర్తుండిపోయింది. నాకు పదేళ్ళప్పుడనుకుంటా, జియాలజీ మేస్టారొకాయన భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల గురించి తెలుగులో మాట్లాడారు. వేల ఏళ్ళ కిందట భూమి బాగా చల్లబడి సముద్రంలో ఉండాల్సిన నీళ్ళు చాలామటుకు నేల మీద మంచుగా పేరుకుపోయాయని, అప్పుడు సముద్రం చాలా దూరం వెనక్కి పోయిందని, బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసిందని, ఆ ఇసుకలో ఉన్న ఇనుము కాలక్రమాన తుప్పు పట్టినట్టు అయ్యి ఎర్రబడిందని చెప్పారు. వానలకి కోసుకుపోయి ఆ గెడ్డలూ గోడలూ ఏర్పడ్డాయట. అప్పటిదాకా నాకది సినిమా షూటింగులు జరిగే చోటు, అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సముద్రం వెనక్కి పోవడం కళ్ళ ముందు కనబడుతూనే ఉంది. ఇప్పటికీ బస్సులో అటు వెళ్తుంటే కిటికీ వైపు సీటే వెతుక్కుంటాను. ఒక లైబ్రరీ అటెండరు కూతురికి ఒక గంటసేపట్లో అంత పెద్ద సంగతి దొరికింది, డబ్బు కట్టకుండా, ఎవర్నీ అడక్కుండా. అందుకే బోర్డు మీద కాగితం చూస్తే అది నాకు మామూలు కాగితంలా ఉండదు.

ఈ రోజు బోర్డులు నిండిపోయి ఉన్నాయి. ఏ యూనివర్సిటీలోనైనా మార్చి ఇలాగే ఉంటుంది. సెమినార్లకి వచ్చిన డబ్బు నెలాఖరులోగా ఖర్చు పెట్టాలి, లేకపోతే తిరిగిపోతుంది, దాంతో ఏడాదంతా జరగాల్సినవి మూడు వారాల్లోకి వచ్చి పడతాయి. ఒకే రోజు ఒకే టైముకి మూడు. పైగా అటు పిల్లలకి పరీక్షల టెన్షన్, ఇటు నాకు బ్యాంకులో ఇయర్ క్లోజింగ్. ఇంత మంచి మాటలన్నీ ఎవరూ తీరిగ్గా వినలేని నెలలో పెట్టుకోవడం నాకు ప్రతిసారీ బాధగానే ఉంటుంది. కొన్నైనా నవంబరుకీ డిసెంబరుకీ జరపగలిగితే ఎంత బాగుంటుందో, ఊరు ఊరంతా చల్లగా ఉంటుంది, రాత్రి ఎనిమిదైనా కూర్చోవచ్చు.

రాసుకున్నవాటిలో ముందు ఉగాది. వచ్చే గురువారమే, 19న, పరాభవ నామ సంవత్సరం వస్తోంది. ముందు రోజు సాయంత్రం పిల్లలు కవితలు చదువుతారట, ఎవరైనా రావచ్చని చేత్తో రాసి అంటించారు. మా వీధి చివర టైలర్ మావయ్య పద్యాలు బాగా రాస్తారు, ఆయన్ని ఎలాగైనా పంపాలి.

తర్వాత 23, 24 తేదీల్లో మన్యం భాషల మీద సెమినార్. సవర, కువి, గదబ, ఇలా అరకు, పాడేరు, సీతంపేట కొండల్లో మాట్లాడే భాషలు. దీనికి వెళ్ళాలని చాలా ఉంది, కానీ సోమ, మంగళవారాలు, సెలవు దొరకదు. మా బ్రాంచికి డబ్బులు తీసుకోవడానికి వచ్చే ఆడవాళ్ళలో సీతంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టే పనుల్లో ఉన్నవాళ్ళున్నారు, తమలో తాము సవరలో మాట్లాడుకుని కౌంటరు దగ్గరికి రాగానే గొంతు తగ్గించేస్తారు. గిడుగు రామమూర్తి పంతులు గారు వందేళ్ళ కిందటే పర్లాకిమిడిలో ఉండి ఆ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే పాఠాలు చెప్పాలని తిరిగారు. ఆ మాట వాళ్ళకెవరైనా చెప్పారో లేదో. మీ భాష గురించి యూనివర్సిటీలో రెండు రోజులు మాట్లాడుకుంటున్నారని ఈసారి వచ్చినప్పుడు నేనే చెప్తాను.

27 శుక్రవారం, ప్రపంచ రంగస్థల దినోత్సవం. ఆ సాయంత్రం పిల్లల నాటకం ఉంది. ఇది రాసుకుంటుంటే వెనక నుంచి కేకలు వినబడ్డాయి. చూస్తే ఆ నాటకం పిల్లలే, చెట్టు కింద రిహార్సల్ చేస్తున్నారు. ఆఫీసులు మూసి ఉన్నాయి, వాళ్ళకి మాత్రం సెలవు లేదు. అరుగు మీద కూర్చుండిపోయాను. పది నిమిషాలు చూసి పోదామనుకున్నది గంటన్నర అయిపోయింది.

నీళ్ళ కోసం గొడవ పడే ఒక వీధి కథ. ఒక అమ్మాయి ట్యాంకరు దగ్గర నుంచి నీళ్ళబిందె చంకన పెట్టుకుని ఇంటికి రావాలి. చేతిలో బిందె లేదు, ఉన్నట్టు నటించాలి. మేస్టారు మళ్ళీ మళ్ళీ చేయిస్తున్నారు. "వెళ్ళేటప్పుడు ఖాళీ బిందె, వచ్చేటప్పుడు నిండు బిందె, నీ నడక మాత్రం రెండుసార్లూ ఒకేలా ఉందమ్మా" అంటున్నారు. ఆ అమ్మాయి ఈసారి బరువు చూపించాలని బిందె ఉన్న వైపుకే ఒంగి నడిచింది. పక్కన ఎండుటాకులు ఊడుస్తున్న ఆవిడ, యాభై అయిదేళ్ళుంటాయేమో, చీపురు ఆపి చూస్తూ ఉంది. రెండుసార్లు ఊరుకుంది. మూడోసారి ఉండబట్టలేక అనేసింది.

"అలగ కాదమ్మా. బిందె ఉన్నేపుకే ఒంగితే నీళ్ళన్నీ కాళ్ళ మీద పడిపోవేటి? నడుం ఇటేపు తొయ్యాల, ఒళ్ళు అటేపు పోవాల. ఈ సెయ్యి కాళీగా ఉంది కదా, అది దూరంగా ఊగాల."

అందరూ ఆగిపోయారు. మేస్టారు ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఒకసారి చేసి చూపిస్తారా అమ్మా?" అని అడిగారు. అడిగిన తీరు నాకు చాలా నచ్చింది, పెద్దావిడని అడిగినట్టే అడిగారు. ఆవిడ సిగ్గుపడింది, చీపురు గోడకి ఆనించింది, కొంగు బిగించి దోపుకుంది. వంగి బిందె ఎత్తింది. నిజంగానే ఎత్తింది, నేను చూశాను, ముందు మోకాలి మీదకి తీసుకుని, అక్కడ నుంచి ఒక్క ఊపుతో నడుం మీదకి. నడుస్తుంటే అడుగులు చిన్నవైపోయాయి, ఖాళీ చెయ్యి గాల్లో తూగుతోంది, మధ్యలో ఒకసారి ఆగి చెంగుతో మెడ తుడుచుకుంది, అప్పుడు కూడా ఈ చెయ్యి బిందె మూతిని వదల్లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అమ్మ కూడా పెదవాల్తేరు కుళాయి దగ్గర నుంచి అలాగే తెచ్చేది, అమ్మ పోయి పదకొండేళ్ళయింది, ఆ నడక మళ్ళీ ఈ రోజు చూశాను.

ఆ అమ్మాయి ఆవిడ వెనకాలే నడిచి నేర్చుకుంది. నాలుగుసార్లకి వచ్చేసింది. తర్వాత వాళ్ళంతా "27న నాటకానికి రావాలి పిన్నీ" అని ఆవిడ్ని పట్టుకున్నారు. ఆవిడ నవ్వి ఊరుకుంది. వాళ్ళు టీకి వెళ్ళాక నా పక్కన అరుగు మీద కూర్చుని, సీసాలో నీళ్ళు తాగి, మెల్లిగా అడిగింది.

"ఏటమ్మా, మనలాంటోళ్ళని లోనకి రానిస్తారేటి? టిక్కెట్టుంటాదా?"

ఉండదు, ఎవరైనా రావచ్చు, ముందు వరసలో కూర్చోవచ్చు అన్నాను. పన్నెండేళ్ళుగా ఈ చుట్టుపక్కల్లోనే ఊడుస్తోందట, ఒక్క కార్యక్రమానికీ కూర్చోలేదట. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. ఊళ్ళో ఎంతమంది ఇలా ఉన్నారో. గేటు దాటితే అది చదువుకున్నవాళ్ళ చోటు, మనకెందుకు అనుకుని రోజూ దాని ముందు నుంచే మద్దిలపాలెం ఆటో ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. నేను మాత్రం సైకిలు కడ్డీ మీద లోపలికి వెళ్ళాను కాబట్టి నాకా బెరుకు లేకుండా పోయింది, నాన్న అలా తీసుకెళ్ళి ఉండకపోతే నేనూ అలాగే వెళ్ళిపోయేదాన్ని.

ఇంటికొచ్చేసరికి పన్నెండు. మా అబ్బాయి చెప్పాడు, ఈ రోజు అంతర్జాతీయ గణిత దినోత్సవమట, స్కూల్లో ఏదో చేశారట. సి.ఆర్.రావు గారు ఎమ్మే లెక్కలు చదివింది ఇక్కడేరా, నూట రెండేళ్ళ వయసులో స్టాటిస్టిక్స్‌లో అంత పెద్ద అంతర్జాతీయ బహుమతి వచ్చింది ఆయనకి అని చెప్పాను, "ఇక్కడే అంటే మన యూనివర్సిటీలోనేనా?" అని రెండుసార్లు అడిగాడు.

మధ్యాహ్నం నాన్న పక్కన కూర్చుని నోటుబుక్కు చదివి వినిపించాను. వచ్చే నెల 26 ఆదివారం అనగానే ఆయన లేచి కూర్చున్నారు. ఆ రోజుకి యూనివర్సిటీకి నూరేళ్ళు నిండుతాయి. 1926 ఏప్రిల్ 26. వేళ్ళ మీద లెక్కపెట్టి, "అప్పుడు అక్షయ నామ సంవత్సరమే" అన్నారు, ఎంత సంతోషమో ఆ మొహంలో. ఇక ఆగలేదు. మొదట బెజవాడలో పెట్టారని, 1930లో వాల్తేరుకి తెచ్చారని, అదే ఏడాది ఉప్పు సత్యాగ్రహం చేసినవాళ్ళని సర్కారు కొట్టిస్తుంటే కట్టమంచి రామలింగారెడ్డి గారు ఈ పదవి నాకొద్దని వైస్ ఛాన్సలర్ ఉద్యోగం వదిలేశారని, ఆ తర్వాత రాధాకృష్ణన్ గారు వచ్చారని. రాధాకృష్ణన్ గారి రోజుల్లోనే, 1933లో, రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి మనిషి గురించి ఉపన్యాసాలిచ్చారు. ఆ సాయంత్రం వాల్తేరు వాళ్ళెవరైనా లోపల కూర్చుని విన్నారా, బయట నుంచే చూశారా అని ఈ రోజు కొత్తగా ఆలోచన వచ్చింది.

1942 గురించి నాన్నకి తను ఉద్యోగంలో చేరినప్పటి పెద్దవాళ్ళు చెప్పారు. ఏప్రిల్ 6న జపాను వాళ్ళు విశాఖ మీద బాంబులు వేశారు, ఊరు సగం ఖాళీ అయిపోయింది, యూనివర్సిటీని గుంటూరు తరలించారు, ఇక్కడి మేడలు మిలిటరీ వాళ్ళు తీసుకున్నారు. యుద్ధం అయ్యాక మళ్ళీ అంతా వెనక్కి వచ్చింది. "పుస్తకాలు పెట్టెల్లో సర్దిందీ, విప్పిందీ మాలాంటోళ్ళే కదమ్మా" అన్నారు నాన్న.

నూరేళ్ళ పండక్కి పెద్దవాళ్ళ పేర్లు అందరూ చెప్తారు, చెప్పాలి కూడా. కానీ హాస్టల్లో వంట చేసినవాళ్ళు, పుస్తకాలకి అట్టలు కుట్టినవాళ్ళు, ల్యాబుల్లో సీసాలు కడిగినవాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు, చినవాల్తేరు, శివాజీపాలెం ఇళ్ళలో. వాళ్ళతో మాట్లాడించి దాచుకోవాలి. ఇది నేను చెయ్యగలిగిన పనే అనిపించి, ఫోను నాన్న పక్కన పెట్టి రికార్డింగ్ నొక్కాను. నలభై నిమిషాలు వచ్చింది. మధ్యలో దగ్గు, కుక్కర్ విజిలూ ఉన్నాయి, పరవాలేదు. ఆయన స్నేహితులు ఇంకా ముగ్గురున్నారు, రేపు ఆదివారం ఒకరి దగ్గరికి వెళ్తాం.

సాయంత్రం గ్రూపులో అన్నీ పెట్టాను. ప్రతి దానికీ కింద "డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా రావచ్చు, నాతో రండి" అని రాశాను. ఇన్నాళ్ళూ తేదీ, చోటు మాత్రమే రాసేదాన్ని. ఎదురింటి పిన్ని వెంటనే ఫోన్ చేసి "నాటకానికి నేనూ వస్తానే, చీకటి పడితే మళ్ళీ దింపాలి మరి" అంది. టైలర్ మావయ్య ఇంకా చూసుకోలేదు, రేపు పొద్దున్న వెళ్ళి నోటితోనే చెప్తాను.

27న బ్యాంకు నుంచి అయిదింటికల్లా బయటపడాలి, ఇయర్ క్లోజింగ్ వారం, మేనేజర్ గారిని సోమవారమే అడిగి ఉంచుతాను, కావాలంటే ఆ రోజు ఎనిమిదింటికే వెళ్ళి కూర్చుంటాను. ఊడ్చే పిన్నికి రెండింటికి డ్యూటీ అయిపోతుంది, ఇంటికెళ్ళి స్నానం చేసి వస్తానంది. ఆవిడ దగ్గర ఫోను లేదు, అందుకని చోటు అనుకున్నాం, ఈ రోజు కూర్చున్న అరుగు దగ్గరే, అయిదున్నరకి. వెళ్ళిపోతూ నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఆకుపచ్చ సీర కట్టుకొస్తాను, పోల్చుకో" అంది.