నా శశిరేఖను నేనే దొంగిలించానట! (నా అనుభవం)

కాపీ కొట్టానని తీసేసిన నా కథ నిన్న సాయంత్రం మళ్ళీ ఆ కథల యాప్‌లో కనిపించింది. వాళ్ళ మెయిల్‌లో సారీ అన్న ముక్క లేదు, "మీ రచన పునరుద్ధరించబడింది" అని ఒక్క వాక్యం, అంతే. కోపం చల్లారితే నేను మర్యాదగా రాసేస్తాను, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను సీరియల్‌గా రాస్తున్నది మాయాబజార్ శశిరేఖ మీద ఫ్యాన్ ఫిక్షన్, అంటే మనకు నచ్చిన పాత్రలను తీసుకుని అభిమానులం అల్లుకునే కొత్త కథ. 1957 నాటి సినిమా పెళ్ళితో అయిపోతుంది. భారతం అక్కడ ఆగదు కదా. అభిమన్యుడికి ఉత్తరతో పెళ్ళవుతుంది. యుద్ధంలో పదమూడో రోజు పద్మవ్యూహంలో దుర్యోధనుడి కొడుకు లక్ష్మణ కుమారుణ్ణి చంపి, అదే రోజు తానూ పోతాడు. మర్నాడు రాత్రి కర్ణుడి శక్తికి ఘటోత్కచుడు. మనల్ని అంతగా నవ్వించిన ఆ పెళ్ళింటి కుర్రాళ్ళు ముగ్గురూ రెండు రోజుల్లో లేకుండా పోతారు. మరి శశిరేఖ? ఆవిడ వ్యాసుడి దగ్గరా లేదు, తిక్కన దగ్గరా లేదు, కాబట్టి ఆమె ఏమైందో అడిగినవాళ్ళూ లేరు. బలరాముడేమో ఎటువైపూ ఉండనని తీర్థయాత్రలకు వెళ్ళిపోయాడు. ఆ పద్దెనిమిది రోజులూ ద్వారకలో ఆ పిల్ల ఏం చేసి ఉంటుంది అన్నదే నా కథ.

ప్లానింగ్ ఈజీగానే అయింది, ఎందుకంటే లెక్క భారతమే ఇచ్చేసింది. రోజుకో భాగం, పద్దెనిమిది భాగాలు. భీష్ముడు పది రోజులు, ద్రోణుడు ఐదు, కర్ణుడు రెండు, ఆఖరి పూట శల్యుడు. కాస్త తల పట్టుకున్నది ఒక్క దగ్గరే: కురుక్షేత్రం నుంచి ద్వారకకు వెయ్యి కిలోమీటర్ల పైనే ఉంటుంది, గుర్రం మీద వార్త రావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? అంటే శశిరేఖకు అందేవన్నీ పాత కబుర్లే. పదమూడో భాగంలో ఆమె ఏవో పాత వార్తలకు సంబరపడుతూ ఉంటుంది, చదివేవాళ్ళకి మాత్రం అసలు సంగతి తెలుసు. ఇది తట్టిన రోజు నా భుజం నేనే తట్టుకున్నాను. లక్ష్మణ కుమారుణ్ణి కామెడీ కుర్రాడిగా కాకుండా తండ్రంటే హడలిపోయే పిల్లాడిగా రాశాను, ఆ పని నాకంటే బాగా చేసినవాళ్ళు ఉంటే చూపించండి.

నాలుగైదు భాగాలు చేతిలో పెట్టుకుని ప్రతి శుక్రవారం రాత్రి ఒకటి పెట్టేదాన్ని. కాపీ పేస్ట్ చేస్తే యాప్ పేరాలన్నీ కలిపేసేది, కూర్చుని విడదీసుకునేదాన్ని. తొమ్మిదో భాగం దాకా ఇంతే, చెప్పుకోవడానికేమీ లేదు.

ఒక పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే మా పెద్దత్తయ్య ఫోన్. "ఏమ్మా, ఎవరిదో చూసి రాశావట?" ఆవిడ ప్రతి శుక్రవారం రాత్రి మందులు వేసుకుని మరీ నా భాగం చదివి పడుకుంటారు. నాకేమీ అర్థం కాలేదు. యాప్ తెరిస్తే కథ లేదు. నన్ను ఫాలో అయ్యే వాళ్ళందరికీ నోటిఫికేషన్ వెళ్ళింది, "కాపీరైట్ ఉల్లంఘన కారణంగా ఈ రచన తొలగించబడింది" అని, కింద నా పేరు. నాకు ముందు ఒక్క ముక్క చెప్పలేదు. మా ఆఫీసులో ఇద్దరు చదువుతారు, ఆ రోజు లంచ్ దగ్గర వాళ్ళు ఆ ఊసే ఎత్తలేదు చూడండి, అడిగి ఉంటేనే నయం అనిపించింది.

జరిగిందేమిటంటే, ఒక ఆడియో కథల ఛానెల్ వాళ్ళు నా తొమ్మిది భాగాలూ ఎత్తుకెళ్ళి రోబో గొంతుతో చదివించి యూట్యూబ్‌లో పెట్టుకున్నారు, పైన ఏడుస్తున్న ఎవరో హీరోయిన్ బొమ్మ. అది నా తర్వాత వచ్చిన వీడియోనే. కానీ ఈలోగా నేను పాత భాగాల్లో అచ్చుతప్పులు దిద్దాను. దిద్ది సేవ్ చేస్తే ఈ యాప్ మొదట పెట్టిన తేదీ తీసేసి దిద్దిన తేదీ వేస్తుంది! దాంతో వీడియో ముందు, నా కథ తర్వాత అయింది. ఎవరో రిపోర్ట్ కొట్టారు, వాళ్ళు తేదీలు చూసి తీసేశారు.

హెల్ప్‌డెస్క్‌కు రాస్తే నమస్కారంతో మొదలయ్యే రెడీమేడ్ జవాబు. మళ్ళీ రాస్తే అదే నమస్కారం. చివరికి మనిషి అనదగ్గ ఒకరు దొరికి ఏమడిగారో తెలుసా, "ఈ పాత్రలపై మీకు హక్కు ఉన్నట్టు పత్రం జతచేయగలరు" అట. శశిరేఖ మీద హక్కు పత్రం నాకెవరిస్తారు, బలరాముడా? సినిమా కంటే ముందు నుంచీ నాటకాల్లో ఉన్న పిల్ల ఆమె, సురభి వాళ్ళు మాయాబజార్ ఆడుతూనే ఉన్నారు, వాళ్ళనీ ఇలాగే అడుగుతారా అని రాశాను. జవాబు లేదు. నేను అడుగుతున్నది పాత్ర గురించి కాదు, నేను రాసిన వాక్యాల గురించి అని ఎన్ని రకాలుగా చెప్పినా ఆ మనిషికి ఎక్కలేదు. ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్ళంటే ఎలాగూ అరువు సరుకువాళ్ళే అన్న చిన్నచూపు ఆ మెయిల్ నిండా ఉంది. ఏ రోజూ నాలుగు పేజీలు రాసి ఎరగనివాళ్ళకే ఇలాంటి చూపు ఎక్కువ, ఇది నేను చాలాచోట్ల చూశాను.

కథను గట్టెక్కించింది మా తమ్ముడి పెళ్ళి. నిజంగానే. ఆరో భాగం మధ్యలో ఒక చోట "ఫ్రెండ్స్, వచ్చే శుక్రవారం మా తమ్ముడి పెళ్ళి, భాగం రాదు, తిట్టుకోకండి" అని రాసి ఉంచాను. ఆ దొంగలు కనీసం చదవలేదు కదా, రోబో ఆ ముక్కను కూడా శశిరేఖ మాటల మధ్యలో అదే ఏడుపు గొంతుతో చదివేసింది. ఆ నిమిషం, సెకను రాసి, గూగుల్ డాక్స్‌లో పాత వెర్షన్లు తేదీలతో కనిపించే పేజీల స్క్రీన్‌షాట్లు పెట్టి, వాటితో పాటు మా తమ్ముడి శుభలేఖ ఫొటో కూడా జతచేసి పంపాను. హక్కు పత్రం అడిగారుగా, తీసుకోండి! దానికి వచ్చిందే ఆ ఒక్క వాక్యం మెయిల్.

యూట్యూబ్ దగ్గర పని తేలికగానే అయింది, కాపీరైట్ ఫారం నింపితే వీడియోలు పోయాయి. అయితే కలం పేరుతో రాసేవాళ్ళు ఒకటి గమనించుకోండి, అందులో అసలు పేరు ఇవ్వాలి, అది అవతలివాళ్ళకు తెలిసే అవకాశం ఉంది. పెళ్ళికాని అమ్మాయిలు, గవర్నమెంటు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడే వెనక్కి తగ్గుతారు, దొంగలకు ఆ సంగతి బాగా తెలుసు.

ఇప్పుడు ఒక కాపీ ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్ ఫిక్షన్ సైట్‌లో కూడా పెడుతున్నాను. అకౌంట్‌కు ఇన్విటేషన్ అడిగి క్యూలో ఆగాలి, తెలుగు పాఠకులు అక్కడ తక్కువ, డ్రాఫ్ట్ అలాగే వదిలేస్తే నెల తిరిగేసరికి పోతుంది. కానీ మొదట పెట్టిన తేదీ వేరుగా, అప్‌డేట్ చేసిన తేదీ వేరుగా చూపిస్తుంది, పద్దెనిమిదిలో తొమ్మిది అయ్యాయని పైనే కనిపిస్తుంది. యాడ్లు లేవు, నడిపేది వాలంటీర్లు. జీతాలు తీసుకునేవాళ్ళకు తట్టని తేదీల సంగతి వాళ్ళకెలా తట్టిందో మరి.

యాప్‌లో కథ తిరిగొచ్చింది గానీ కామెంట్లు రాలేదు. ఉత్తరను శశిరేఖ చెల్లీ అంటుందా, పేరు పెట్టి పిలుస్తుందా, అసలు మాట్లాడుతుందా అని పాఠకులు పెద్ద వాదన పెట్టుకున్నారు. పద్నాలుగో భాగానికి దాన్నే వాడుకుందామనుకున్నాను. అదంతా పోయింది. దయచేసి ఆ వాదన గుర్తున్నవాళ్ళు మళ్ళీ రాయండి.

పదో భాగం ఈ శుక్రవారమే, భీష్ముడు పడిపోయే రోజు. భీష్ముడు అంపశయ్య మీద ఉండగా మధ్యలో మా పెద్దత్తయ్య చేసే గుత్తివంకాయ కూర కొలతలు పెడుతున్నాను, మీరు దాటేసి చదువుకోండి, అది రోబో కోసం.