తండ్రి వృత్తి: కళాసీ

విశాఖ పాతనగరంలో మా ఇంటి గుమ్మంలో నిలబడితే సముద్రం కనిపించేది కాదు, ఓడ కనిపించేది. ఓడంటే ఓడ మొత్తం కాదు. వరుసగా పెంకుటిళ్ల కప్పులు, వాటి వెనక నిదానంగా జరిగిపోతున్న ఒక పొగగొట్టం, ఒక జెండా. ఊరి నుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు అది చూసి, ఇల్లే కదులుతోందనుకుని గోడ పట్టుకునేవారు.

యారాడ కొండకూ మా వైపు ఉన్న మూడు చిన్న కొండలకూ మధ్య నుంచే ఓడలు రేవులోకి వస్తాయి. ఆ మూడింటిలో ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా ఔలియా దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. ఓడలు దర్గా ముందుకు రాగానే జెండాను మూడుసార్లు దించి ఎత్తేవని పెద్దవాళ్లు చెప్పేవారు. నేను ఎన్ని గంటలు కాచుకుని కూర్చున్నా నా కళ్లతో చూడలేదు. అయినా ప్రతి ఓడకూ చూసేవాడిని.

మన బడి సంచిక కోసం జ్ఞాపకాలు రాయమని మిత్రులు అడిగారు. మన బడికి ఉదయం తొమ్మిదింటికి వచ్చి కూర్చున్న పిల్లల్లో ఎక్కువమందిమి అంతకుముందే ఒక పూట పని చూసి వచ్చినవాళ్లం. ఆ పని గురించి రాయకుండా బడి గురించి రాయడం నాకు చేతకాదు.

మా తాత శ్రీకాకుళం వైపు పల్లె నుంచి రేవు తవ్వకానికి వచ్చాడు. అప్పుడక్కడ ఉప్పుటేరు, బురద, మడ చెట్లు ఉండేవట. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. ఆ డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. తాతకు వైస్రాయ్ పేరు గుర్తులేదు. కెరటాల జోరును ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచడం మాత్రం గుర్తుంది. 'బతికున్న ఓడని ముంచారు' అని చెప్పేటప్పుడు ఆయన గొంతు ప్రతిసారీ తగ్గిపోయేది. ఆ ఓడల పేర్లు జానస్, వెలెడ్సన్ అని నేను చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివాను. చెబుదామంటే అప్పటికి తాత లేడు.

మా వాటాల ఇంట్లో ఏడు కుటుంబాలు, ఒక కుళాయి. చివరి వాటాలో ఉండే మామ్మ పడుచుతనంలో రంగం వెళ్లి వచ్చిన మనిషి. రంగూన్‌ను మా వైపు రంగం అంటారు. 1942లో యుద్ధం వచ్చి పడితే అక్కడి నుంచి అందరితో పాటు నడక దారిన బయలుదేరింది. ఇద్దరు పిల్లలతో బయలుదేరి ఒక్కరితో చేరింది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పేది కాదు, మేము అడిగేవాళ్లం కాదు. ఆ ఏడాదే ఏప్రిల్ 6న జపాను విమానాలు ఇక్కడి రేవు మీద కూడా బాంబులు వేశాయి. ఊరు ఊరంతా ఖాళీ అయిందని తాత చెప్పేవాడు.

నాన్న కళాసీ. మా వీధిలో ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. ఓడ అడుగున ఉన్న గదిలోకి నిచ్చెన మీద దిగి, క్వింటాలు బస్తాను కొక్కెంతో లాగి, వలలో పేర్చి, వించి అనే ఎత్తుడు యంత్రం దాన్ని పైకి లేపేదాకా నిలబడి చూసుకునే మనిషి కళాసీ. పేర్పు సరిగా లేకపోతే బస్తా గాలిలో జారుతుంది. జారితే కింద ఉన్నది తోటి కళాసీ. అందుకే నాన్న జట్టులో కొత్తవాడికి మొదటి వారం బరువు మోయడం నేర్పేవారు కాదు, పేర్చడం నేర్పేవారు.

కొక్కెం ఎవరిది వారిదే. నాన్నది ఇనుప కొక్కెం, అడ్డంగా చెక్క పిడి. ఆ పిడి మీద నాలుగు వేళ్లూ పడే చోట నాలుగు గుంటలు పడ్డాయి. చిన్నప్పుడు నా వేళ్లు వాటిలో పెట్టి చూసుకునేవాడిని. రెండు గుంటలకు కలిపి నా చెయ్యి సరిపోయేది. నాన్న కుడి భుజం మీద కాయ కాసి, చొక్కా ఆ ఒక్క చోటే ముందుగా చిరిగేది. అమ్మ కొత్త చొక్కాకు తొడిగే ముందే అక్కడ లోపలి వైపు మాసిక వేసి ఉంచేది.

ఆ రోజు ఏ ఓడలో పని చేశాడో అమ్మ బట్టలు తడిపిన నీళ్లు చెప్పేవి. ఎర్రటి నీళ్లయితే బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం. నల్లగా, జిడ్డుగా ఉంటే మాంగనీసు. పసుపు రంగైతే గంధకం. ఆ నీళ్లు చూస్తే ఇంటిల్లిపాదికీ గుబులు. గంధకం పొడి కళ్లలో పడితే మంటకు రాత్రంతా నిద్ర పట్టదు. అప్పుడు అమ్మ చెంచా పట్టుకుని, పసిబిడ్డ ఉన్న పక్క వాటా పిన్ని దగ్గరకు వెళ్లేది. పిన్ని అటు తిరిగి కూర్చుని ఆ చెంచాలో నాలుగు చుక్కల చనుబాలు పిండి ఇచ్చేది. నాన్న చాప మీద వెల్లకిలా పడుకుని ఉంటే అమ్మ ఒక్కో కంట్లో రెండేసి చుక్కలు వేసేది. ఆ పాలు మందో కాదో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే నాన్న పనికి లేచేవాడు. ఆ పసిబిడ్డ తర్వాత మన బడిలోనే చదివాడు, నాకన్నా తొమ్మిది తరగతులు వెనక.

గాలి రేవు వైపు నుంచి తిరిగితే ఎర్రదుమ్ము ఇంట్లోకి వచ్చేది. మంచినీళ్ల కుండకు వాసెన కట్టినా అడుగున సన్నటి ఎర్రపొర పేరుకునేది. బడిలో తెల్లచొక్కా వేసుకు రమ్మంటే మా పాతనగరం పిల్లల చొక్కాలన్నీ ఒకే లేత ఇటుక రంగులో ఉండేవి. వేరే పేటల నుంచి వచ్చిన పిల్లలు ఆ రంగుతోనే మమ్మల్ని గుర్తుపట్టి 'ఎర్రచొక్కా' అనేవారు. ఆ మాట పడ్డవాళ్లు ఈ సంచిక చదివేవారిలో చాలామంది ఉన్నారు.

ఆకలి గురించి కూడా చెప్పాలి. ఓడ లేకపోతే పని లేదు, పని లేకపోతే కూలి లేదు. డాక్ లేబర్ బోర్డు జాబితాలో పేరున్నవారికి వంతుల ప్రకారం పిలుపు వచ్చేది. నాన్న పేరు అప్పటికి జాబితాలోకి ఎక్కలేదు. పని దొరకని రోజుల్లో చోడి (రాగి) అంబలి, ఎండు నెత్తళ్లు. గోధుమ ఓడ వచ్చిందంటే మాత్రం వీధికి పండగ. లారీలు వెళ్లిన దారి పొడవునా రాలిన గింజలను అమ్మా, పక్కింటి ఆడవాళ్లూ చీపురుతో ఊడ్చి తెచ్చేవారు. మూడు నీళ్లు పోసి గాలించి, ఎండబెట్టి, నూక పట్టించేవారు. ఎన్ని నీళ్లు పోసినా పంటి కింద ఒక్క ఇసుక రేణువైనా పలికేది. ఇప్పటికీ గోధుమ నూక ఉప్మా తింటుంటే నా పళ్లు ఆ రేణువు కోసం ఎదురుచూస్తాయి.

చిన్న బడిలో మధ్యాహ్నం పెట్టిన, కేర్ అనే అమెరికా సహాయ సంస్థ ఉప్మా మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ సరుకు బస్తాల మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది. ఆ బస్తాలు దించింది మా నాన్నల జట్లే. ఖాళీ గోనె గుడ్డ ఒకటి నాన్న మేస్త్రీని అడిగి తెస్తే, అమ్మ దానితో నాకు పుస్తకాల సంచి కుట్టింది. ఆ చేతుల బొమ్మ సరిగ్గా ముందు వైపు వచ్చేలా కత్తిరించింది. నాలుగేళ్లు మోశాను. అలాంటి సంచి మా తరగతిలో ఆరుగురికి ఉండేది.

1971 డిసెంబరులో నేను నాలుగో తరగతి. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన మూడో తేదీ రాత్రి వీధి మొత్తం చీకటి. కిరోసిన్ బుడ్డి కూడా ఆర్పేశారు. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద మోత వచ్చింది. గూట్లో గిన్నెలు గలగలలాడి ఒకటి కింద పడింది. చివరి వాటా మామ్మ అప్పటికే మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు, ఏడవలేదు, మూట మీద రెండు చేతులూ పెట్టుకుని తెల్లవారేదాకా అలాగే కూర్చుంది. తెల్లవారాక సముద్రం మీదికి వెళ్లిన జాలర్లకు నీళ్ల మీద తేలుతున్న శకలాలు దొరికాయి. మునిగింది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అని తర్వాత తెలిసింది. ఈ రోజు దాని గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఆ మూట కనిపిస్తుంది.

బడిలో మా భూగోళం మాస్టారు పాఠం చెబుతూ ఒకసారి మన దేశ ఎగుమతులేమిటని అడిగారు. పుస్తకం తెరవకుండానే ఇనుప ఖనిజం, మాంగనీసు అన్నాను. ఎక్కడికి వెళుతుందన్నారు. జపాన్ అన్నాను. ఎలా తెలుసురా అంటే, అమ్మ బట్టలు ఉతికిన నీళ్ల సంగతి చెప్పాను. తరగతిలో ఎవరో నవ్వబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. ఆ శనివారం మమ్మల్ని చర్చి కొండ ఎక్కించారు. రోజూ చూసే రేవునే పైనుంచి చూపించి, ఏ జెండా ఏ దేశానిదో, ఏ బండి ఏ గనుల నుంచి వస్తుందో మా చేతే చెప్పించారు. 1976లో బాహ్య రేవు మొదలయ్యాక మళ్లీ అదే కొండకు తీసుకువెళ్లారు. లక్ష టన్నుల పైబడిన ఓడలు ఇక బయటే ఆగుతాయని, ఖనిజం యంత్రంతో కదిలే పట్టీల మీద నేరుగా వాటిలోకి వెళుతుందని చెప్పారు. పక్కన ఉన్న స్నేహితుడు, 'మరి మనుషులు?' అన్నాడు. మాస్టారు జవాబు చెప్పకుండా వాడి భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉన్నారు.

ఇప్పుడు ఆరో తరగతిలో చేరిన రోజు సంగతి. 1973 జూన్. దరఖాస్తు నేనే నింపుకున్నాను. తండ్రి వృత్తి అన్న చోట 'పోర్టు ఉద్యోగం' అని రాశాను. ఎర్రచొక్కా మాటలు పడీ పడీ ఉన్నాను, కళాసీ అని రాయడానికి చెయ్యి రాలేదు. రెండు రోజుల తర్వాత ఏమేం రాశావో చదవమని నాన్న అడిగాడు. చదివాను.

"ఉద్యోగం అంటే నెల జీతం కదరా. నాకు ఎవరిస్తున్నారు?" అన్నాడు. కోపంగా అనలేదు. నేను ఏడుస్తుంటే అమ్మ కలగజేసుకోబోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు రాత్రి పాళీ దిగి నేరుగా బడికి వచ్చాడు, భుజాన కొక్కెంతోనే. ప్రవేశాల పని భూగోళం మాస్టారే చూస్తున్నారు. "అయ్యా, అబ్బాయి తప్పు రాశాడు. నేను కళాసీని" అన్నాడు. మాస్టారు కుర్చీ చూపించారు. బట్టల నిండా ఎర్రదుమ్ము ఉందని నాన్న కూర్చోలేదు. అప్పుడు మాస్టారు కూడా లేచి నిలబడ్డారు. నిలబడే రిజిస్టరు తెరిచారు. ఇద్దరూ అలా నిలబడి ఉండగా నేను తలుపు పక్కన నేల చూస్తూ ఉన్నాను.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. 2003లో కంటైనర్ల టెర్మినల్ వచ్చింది. బస్తా, వల, కొక్కెం అనే మాటలు మా మనవలకు తెలియవు. కొక్కెం నా దగ్గరే ఉంది. నాలుగు గుంటల్లో ఇప్పుడు నా నాలుగు వేళ్లూ పడతాయి.

మొన్న ఈ సంచిక పనిమీద పాత రిజిస్టర్లు చూడటానికి వెళ్లాను. 1973 పుస్తకం అట్ట ఊడిపోయి ఉంది. నా వరుస దొరికింది. గుమస్తా రాసిన 'పోర్టు ఉద్యోగం' మీద ఒకే ఒక గీత, దానిపైన మాస్టారి వాలు దస్తూరీలో 'కళాసీ'. ఆ గడి పొడవునా కింది దాకా చదువుకుంటూ పోయాను. కళాసీ, జాలరి, కళాసీ, రిక్షా, చాకలి, కళాసీ, పారిశుద్ధ్యం, కళాసీ. దాతల పేర్లు, ప్రధానోపాధ్యాయుల ఫొటోలు ఈ సంచికలో ఎలాగూ వస్తాయి. పిల్లల పేర్ల గడి కప్పేసి, వృత్తుల గడి ఒక్కటీ కనిపించేలా ఆ పేజీ ఫొటో కూడా వేయమని సంపాదకులను అడిగాను. వేస్తామన్నారు.